చక్రం మీద చెయ్యి

సముద్రపు అలలతో బల్బు వెలిగించిన మనిషి మా చిన్నాయన అని విడవలూరు దారిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. నేను ఆ రోజు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మొన్న ఆదివారం ఈ సంగతి మీదే నెల్లూరులో ఒక హోటల్లో, చుట్టుపక్కల వాళ్ళు తినడం మానేసి చూసేలా, మా తమ్ముడితో తగువు పెట్టుకున్నాను. తమ్ముడంటే ఆ చిన్నాయన కొడుకే. హోటలు అతని స్నేహితుడిది, కొత్తగా పెట్టాడు. పాత కుట్టు మిషన్ల ఇనుప స్టాండ్లు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, బంగారు రంగు పూసి, పైన గాజు పలకలు బిగించి భోజనాల బల్లలు చేశాడు. బల్ల కింద పెడల్ ఉంది, చక్రం ఉంది, చక్రం చువ్వల మధ్య ఎవరో మూతి తుడుచుకుని కుక్కిన కాగితం ఉంది, ఎండిపోయిన పులుసు చార ఉంది. కాలు ఆనించగానే పెడల్ ఊగింది, చక్రం తిరిగింది, పైన కుట్టడానికేమీ లేదు. ఎదురుగా మామిడికాయ వేసిన చేపల పులుసు ఘుమఘుమలాడుతున్నా నాకు వెగటు పుట్టింది. ఎవరో ఒక ఆడమనిషి వయసంతా తొక్కిన వస్తువును తెచ్చి ఎంగిలి చేతుల కింద పెట్టడం అందమట. నా పక్కన మా పిన్నమ్మ, అంటే తమ్ముడి తల్లి, ఇవేమీ పట్టనట్టు ముళ్ళు ఏరుకుంటూ నింపాదిగా తింటోంది.

ఆ స్నేహితుడు గోడ మీద చిన్నాయన ఫొటో పెట్టి, కింద ‘సముద్రంతో దీపం వెలిగించిన మనిషి’ అని రాయిస్తాడట. “నాయన గురించి నాలుగు ముక్కలు నువ్వే రాసియ్యక్కా, నీకు బాగా వచ్చు గదా” అన్నాడు తమ్ముడు. రాస్తానన్నాను. ఇదిగో, రాస్తున్నాను.

మా చిన్నాయన పాలిటెక్నిక్ సగంలో మానేశాడు. పూర్తిగా చదివినవాళ్ళు ఏదో ఉద్యోగం చూసుకుని ఊరుకుంటారు, సగం చదివినాయనతోనే ఇంట్లోవాళ్ళకు చావు. ముందుకూ వెనక్కూ పోయేది ఏది కనబడినా దాన్ని గుండ్రంగా తిప్పాలని ఆయనకొక జబ్బు. వసారాలో ఉయ్యాలబల్లకు కడ్డీ తగిలించి, ఆ కడ్డీతో సైకిలు చక్రాన్ని తిప్పి, చక్రానికి తాటాకు విసనకర్రలు కట్టాడు. విసనకర్రల గాలి పడక కుర్చీలో పడుకున్న ఆయనకు, ఉయ్యాల ఊపే చాకిరీ ఇంట్లో ఆడవాళ్ళకు. సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ ఊపాను. చెమటలు కక్కుతూ మేము ఊపుతుంటే, కరెంటు లేకుండానే ఫ్యాను తిరుగుతోందని వచ్చిన వాళ్ళందరికీ చూపించేవాడు. వచ్చిన వాళ్ళు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా వైపు చూసింది లేదు.

పిన్నమ్మకు ఉన్న ఒకే ఒక సొంత వస్తువు ఆమె కుట్టు మిషను. పుట్టింటి వాళ్ళిచ్చిన గాజులు అమ్ముకుని కొనుక్కుంది. సముద్రపొడ్డున ఉన్న పాలెంలో చేపలమ్మే ఆడవాళ్ళంతా రవికలు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. ఆ ఇంట్లో పొయ్యి మీదికి బియ్యం వచ్చేది ఆ మిషను మీదనే గాని చిన్నాయన చక్రాల మీద కాదు. నా డిగ్రీ చివరి సంవత్సరం సెలవుల్లో, గంగమ్మ తిరునాళ్ళకు ముందు, పాలెం పాలెమంతా రవిక గుడ్డలు తెచ్చి పిన్నమ్మ ఇంట్లో పోసి ఉండగా, చిన్నాయన మిషను తలను విప్పి పీట మీద పెట్టి, కింది స్టాండును బండికెత్తించుకుని పోయాడు. రెండు రోజుల్లో తెచ్చిస్తానన్నాడు. పిన్నమ్మ పీట ముందు గొంతుక్కూర్చుని, కుడి చేత్తో చక్రం తిప్పుకుంటూ ఎడమ చేత్తో గుడ్డ జరుపుకుంటూ కుట్టసాగింది.

కాలవ సముద్రంలో కలిసే చోట, అలలు సగం అలిసిపోయి వచ్చే చోట, నాలుగు సరుగుడు గుంజలు పాతి, వాటి మీద బల్ల పరిచి స్టాండును నిలబెట్టాడు. కింద నీళ్ళలో ఖాళీ డ్రమ్ము. అల వస్తే డ్రమ్ము లేస్తుంది, పోతే దిగుతుంది. డ్రమ్ముకు కట్టిన గెడ పెడల్‌ను ఊపుతుంది, పెడల్ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం సైకిలు డైనమోను తిప్పుతుంది, ఒడ్డున కర్రకు కట్టిన బల్బు వెలుగుతుంది. చెప్పడానికి ఎంత బాగుందో చూడండి. కానీ మిషను తొక్కిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, పెడల్ కడ్డీ నిట్టనిలువుగా నిలిచే చోట చక్రం ఆగిందంటే ఎంత తొక్కినా కదలదు, కదిలినా ఎటు తిరుగుతుందో తెలియదు. అందుకే ముందు చేత్తో చక్రాన్ని ఒక్క నెట్టు నెట్టి, ఆ తర్వాత కాలు ఆడిస్తాం. అలకు కాలుంది గాని చెయ్యి లేదు.

పొద్దు గూకే వేళకు ప్రెసిడెంటు గారు, కాలేజీ లెక్చరరొకాయన, కెమెరా మెడలో వేసుకుని పేపరాయనా వచ్చారు. చిన్నాయన సముద్రానికి వీపు పెట్టి ఉపన్యాసం మొదలెట్టాడు. పిన్నమ్మ నీళ్ళలో, స్టాండు పక్కనే ఉంది. తన వస్తువు ఎక్కడ కొట్టుకుపోతుందోనని కాపలాగా దిగింది, ఆమెకు తోడుగా నేను దిగాను. మొదటి అలకు చక్రం సగం తిరిగి ఆగింది. రెండో అలకు వెనక్కి తిరిగింది. మూడో అలకు బిగుసుకుపోయింది. ఒడ్డున ఎవరో నవ్వారు. ప్రెసిడెంటు గారు వాచీ చూసుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంకాసేపట్లో బండి కట్టిస్తాడు, స్టాండు ఇంటికొస్తుంది. అప్పుడు పిన్నమ్మ తడి చెంగు నడుముకు దోపి, చెయ్యి చాచి చక్రాన్ని నెట్టింది. అల వచ్చింది. మళ్ళీ నెట్టింది. బల్బు ఎర్రగా కనబడి, తెల్లగా వెలిగింది. ఒడ్డున చప్పట్లు. ఫొటో తీసేదాకా నెడుతూనే ఉంది. అందరి కళ్ళూ బల్బు మీదే.

ఆ బల్బు వెలిగింది గనక స్టాండు ఇంటికి రాలేదు. పేపర్లో పడ్డాక చిన్నాయన దాన్ని పెద్దది చేస్తానని వానాకాలం దాకా అక్కడే ఉంచాడు. ఉప్పుగాలికి పెడల్, కడ్డీ, చక్రం ఒకటే ముద్దగా బిగిసి, పొట్టు పొట్టుగా రాలసాగాయి. ఒక రోజు దాన్ని పాత ఇనుముల వాడికి అమ్మేశాడు. పిన్నమ్మ ఇంకెన్నో ఏళ్ళు పీట మీదే కుట్టింది. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు, జడ కోడలు వేస్తుంది. చిన్నాయన పోయేదాకా తన బల్బు కథ చెప్పుకున్నాడు. పోయాక కొడుకు అందుకున్నాడు.

ఇదంతా హోటల్లో చెబితే తమ్ముడు, “అమ్మ చెయ్యేస్తే మాత్రం ఏమైందక్కా, ఐడియా నాయనది గదా” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “మీ అమ్మ స్టాండు లేకపోతే ఆ ఐడియా యాడ నిలబడుండేదిరా?” అన్నాను. “నాయన మీద నీకెందుకక్కా అంత కోపం” అని నవ్వాడు.

పిన్నమ్మను అడిగాను, నువ్వే చెప్పు అని. “ఇప్పుడెందుకుమే అదంతా. పులుసు చల్లారిపోతుండాది, తిను” అంది. అంటూనే, బల్ల కింద ఇందాక తిరిగి, కడ్డీ నిట్టనిలువుగా నిలిచి నా కాలికి లొంగకుండా ఆగిపోయిన చక్రాన్ని, కాస్త వంగి, ఎంగిలి కాని చేత్తో ఒక్క నెట్టు నెట్టింది. అది తిరిగింది.

ఇన్నేళ్ళలో ఉప్పు ఇనుమును తినేసింది, చిన్నాయన పోయాడు, తుప్పు పట్టకుండా మిగిలింది ఆ అబద్ధం ఒక్కటే. ఆ సాయంత్రం ఇంకొక్క అల సేపు చెయ్యి ముడుచుకుని ఊరుకుని ఉంటే నీ స్టాండు నీకు దక్కేది గదా, ఎందుకు నెట్టినావు పిన్నమ్మా?