తాడు అవతలి కొస

ఇది జరిగింది. నా బండి మీద ఒట్టు. అమ్మ మీద ఒట్టు వేయమనకండి, ఆమెకు ఇప్పటికే బీపీ ఉంది. బండికి కిస్తులు ఇంకా తీరలేదు కాబట్టి దాని మీద అబద్ధపు ఒట్టు వేసే ధైర్యం నాకు లేదు.

ఇంకో మాట. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో "దానికి ఆధార్ కార్డు ఉందా?" అని అడిగి పాడుచేసేది నేనే. మీలో కొందరి కథలు అలా చెడగొట్టాను కూడా. ఇప్పుడు మీ వంతు వచ్చింది. నవ్వండి. కానీ చివర్లో నవ్వండి.

నరేందర్ అని నా దోస్తు. మా రెండు ఇళ్ళవాళ్ళూ సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్ళే. అక్కడి అమ్రోలి పేటలో ఒకే గల్లీ. ఇద్దరం ఒకే మరమగ్గాల షెడ్డులో నూలు కండెల మధ్య ఆడుకుని పెరిగాం. సెలవుల్లో అక్కడే పనిచేశాం. ఇప్పుడు నేను కంప్యూటర్ ముందు కూర్చుని చీరల మీద పువ్వులు గీస్తాను. వాడు అదే షెడ్డులో మగ్గాలు నడుపుతాడు. మా బాపు ఆ షెడ్డుకు మాస్టర్. అంటే మగ్గాలకు జబ్బు చేస్తే చూసే డాక్టరు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.

ఈ చలికాలం మేమిద్దరం బండి మీద ఆబూ కొండలకు పోయి రాళ్ళు ఎక్కాలనుకున్నాం. రాక్ క్లైంబింగ్. మా జన్మలో అప్పటిదాకా ఎక్కిన అతి ఎత్తైన వస్తువు మిద్దె మీది నీళ్ళ ట్యాంకు. అయినా ప్లాన్ ఘనంగా వేశాం. కిమ్ ఊరు దాటాక టీ, బరోడాలో భోజనం, దారిలో ఎక్కడెక్కడ నంజుకోవడానికి ఫాఫడా దొరుకుతుంది, అన్నీ సిద్ధం. రాయి ఎక్కడం ఒక్కటే మిగిలింది.

తాడు తెప్పించాం. నడుముకు బిగించుకునే పట్టీలు తెప్పించాం. వీడియోలు చూశాం. అర్థమైంది ఏమిటంటే, ఒకడు ఎక్కుతాడు, ఒకడు కింద తాడు పట్టుకుంటాడు. పైవాడు జారితే కిందవాడు ఆపాలి. అంతే. మొత్తం విద్యంతా ఒక్క ప్రశ్నలో ఉంది. కింద ఎవడు?

"నేనుంట బే," అన్నాడు నరేందర్. "నువ్వు పైనున్నంతసేపు తాడు ఇడిస్తే నన్నడుగు."

"ఇడిస్తే అడగనీకి నేనుండాలె కదరా."

"గిట్ల మాట్లాడితె ఎట్ల? జర నమ్ము బే."

నమ్మాను. ఇది చిన్న విషయం కాదు. సెలవు కావాల్సినప్పుడల్లా వాడు వాళ్ళ అమ్మమ్మను చంపుతాడు. ఆ మధ్య ఆమె ఊరి నుంచి వచ్చి, మనవడికి సద్ది పట్టుకుని షెడ్డులోకి నడిచొస్తే, షెడ్డు యజమాని సేఠ్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. అలాంటివాణ్ణి నేను నమ్మాను. దోస్తు కదా. సేఠ్‌తో చెప్పే అబద్ధాలు వేరు, నాతో చెప్పే మాట వేరు అనుకున్నాను.

కొండకు పోయే ముందు ఒకసారి షెడ్డు గోడ మీద ప్రయత్నిద్దామన్నాడు వాడే. షెడ్డుకు వారానికో రోజు కరెంటు సెలవు, మగ్గాలు నడవవు. ఆ రోజు బాపు కూడా బార్డోలీలో చుట్టాలింటికి నిశ్చితార్థానికి పోయాడు. రాత్రికి రానన్నాడు. తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అన్నం తిని వెళ్ళాం.

మగ్గాలు ఆగిన షెడ్డు ఎప్పుడైనా చూశారా? మావాళ్ళకు చప్పుడంటే భయం లేదు. చప్పుడు లేకపోతేనే భయం. చీకట్లో వరసగా మగ్గాలు... ఒక్కటీ కదలదు. నూనె వాసన. నూలు దుమ్ము. మన ఊపిరి మనకే వినపడుతుంది. అది అంత బాగుండదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

షెడ్డు నడుస్తున్నప్పుడు నోటికి విలువ లేదు. ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అంతా చేతులతోనే. డ్యూటీ మారేటప్పుడు వచ్చినవాడు వెనక నుంచి నీ భుజం మీద రెండుసార్లు తడతాడు. తర్వాత మగ్గం ఇనుము మీద రెండుసార్లు కొడతాడు. టక్ టక్. ఇక మగ్గం నాది, నువ్వు పో అని. నువ్వు వెనక్కి తిరిగి చూడవు. కన్ను నూలు మీదే ఉండాలి. పక్కకు జరుగుతావు, వెళ్ళిపోతావు. అలా అప్పజెప్పకుండా మగ్గం వదిలి పోయినవాణ్ణి షెడ్డులో ఎవరూ మనిషిగా చూడరు.

సరే. పైన గర్డరు మీదుగా తాడు వేశాం. ఒక కొస నా నడుముకు. రెండో కొసను ఇనుప గుంజకు రెండు చుట్లు తిప్పి నరేందర్ పట్టుకున్నాడు. గోడకు పరంజా కట్టినప్పుడు వదిలేసిన బొక్కలున్నాయి. వాటిలో కాళ్ళు పెట్టి ఎక్కాలి. నా ఫోన్ టార్చిని ఒక మగ్గం మీద పైకి చూసేలా పెట్టాం. దాంతో గోడ కనిపిస్తుంది. కిందికి చూస్తే మాత్రం కళ్ళలో వెలుగే. మనిషి కనపడడు.

"మూడుసార్లు గుంజితే దించాలె," అన్నాను. "తాడు మీదికెళ్ళి కన్ను తియ్యకు."

"తియ్య బే. ఎక్కు."

ఎక్కాను. ఎక్కాను అంటే... గోడను కౌగిలించుకుని పైకి జరిగాను. మొదట తాడు ఒకసారి వదులు, ఒకసారి పీకేంత బిగువు. నడుము పట్టీ ఎక్కడెక్కడో నొక్కుతోంది. అక్కడి నుంచే వాణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. వాడూ తిట్టాడు. హాయిగానే ఉంది.

సగం దాటాక కింద చప్పుడు.

టక్ టక్.

వీడేదో ఆటలాడుతున్నాడు అనుకున్నాను. పట్టించుకోలేదు.

కానీ ఆ తర్వాత తాడు... ఎలా చెప్పాలి... కుదురుకుంది. నేను ఎంత ఎక్కితే అంత. వదులు లేదు, పీకుడు లేదు. గోడ మీద నా చెయ్యి జారబోయేసరికి, అప్పటికే తాడు బిగిసి ఉంది. వీడు ఇంత తొందరగా నేర్చుకున్నాడే అని మనసులో మెచ్చుకున్నాను కూడా. వాణ్ణి మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానించాల్సింది.

రేకుల కింద ఒక వెంటిలేటర్ ఉంది. అద్దం ఎప్పుడో పోయింది. అక్కడికి చేరి, అంచు పట్టుకుని ఆగాను. చల్లగాలి. బయట గల్లీ. మూల మీద టీ లారీ, దాని మీద బల్బు. లారీ అంటే పెద్ద బండి కాదు, ఇక్కడ తోపుడుబండిని అలాగే అంటారు. లారీ దగ్గర పసుపు టీషర్టు వేసుకుని ఒకడు రకాబీలో టీ పోసుకుని ఊదుతున్నాడు.

ఆ టీషర్టు ఆబూ కోసం కొన్నది. నేనే బేరం చేశాను.

నరేందర్.

నవ్వుతున్నాడు. టీ పోసే కాకాతో ఏదో చెబుతూ చేత్తో షెడ్డు వైపు చూపించాడు. రాత్రి కదా, మాట స్పష్టంగా వినిపించింది. "దోస్త్ కో దీవార్ పే సుఖానే డాల్ కే ఆయా, కాకా." దోస్తును గోడకు ఆరేసి వచ్చాడట. కాకా కూడా నవ్వాడు.

నాకు ముందు కోపం రాలేదు. భయమూ రాలేదు. ముందు వచ్చింది... చిన్నప్పుడు జాతరలో పట్టుకున్న చెయ్యి ఎవరిదో వేరేవాళ్ళదని తెలిసినప్పుడు వస్తుంది చూడండి, అది. వీడు నన్ను వదిలేశాడు. నవ్వుకుంటూ వదిలేశాడు.

తర్వాత గుర్తొచ్చింది.

తాడు బిగువుగా ఉంది.

నా నడుము దగ్గర మెల్లగా చెయ్యి వేసి చూశాను. బిగువుగానే ఉంది. కొద్దిగా... ఊపిరి తీసుకున్నట్టు... సర్దుకుంటోంది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినప్పుడు తాడు అలా సర్దుకుంటుంది.

కిందికి చూశాను. వెలుగు. దాని వెనక నలుపు.

బయటికి చూశాను. పసుపు టీషర్టు. రకాబీ.

కిందికి.

బయటికి.

"నరీ..." అన్నాను. నా గొంతు కాదు అది. కోడిపిల్ల గొంతు.

మళ్ళీ పిలిచాను.

"పట్టుకున్నవా రా?"

ఎక్కడో రేకు చిన్నగా కదిలింది. తర్వాత కింద నుంచి, తొందరేమీ లేనట్టు...

"పట్టుకున్న."

ఇప్పుడు మీరే చెప్పండి. ఏం చేస్తారు? గోడ పట్టుకుని దిగుదామంటే, ఎక్కేటప్పుడు కనిపించిన బొక్కలు దిగేటప్పుడు కనిపించవు. బయట ఉన్నవాణ్ణి పిలవొచ్చు. పిలిస్తే కింద ఉన్నది ఉలిక్కిపడి తాడు వదిలేస్తే? నా ప్రాణం తాడుకు కట్టి ఉంది. తాడు అవతలి కొస ఎవరి చేతిలో ఉందో తెలియదు. తెలిసినవాడు టీ తాగుతున్నాడు.

కళ్ళు మూసుకున్నాను. మూడుసార్లు గుంజాను.

దించింది. అంటే... దించారు. బట్ట రోలరు మీదికి చుట్టుకున్నంత మెల్లగా. ఒక్క కుదుపు లేదు. నేను మాత్రం దారి పొడవునా కళ్ళు తెరవలేదు. దేవుళ్ళ పేర్లన్నీ అయిపోయి, చివరికి మా బాస్ పేరు కూడా తలుచుకున్నాను.

కాళ్ళు నేలకు తగిలాయి. కళ్ళు తెరిచాను.

ఎవరూ లేరు.

గుంజకు రెండు చుట్లు తాడు. దాని కొస నేల మీద... చక్కగా వలయాలుగా చుట్టి పెట్టి ఉంది. చివరి వలయం ఇంకా కొద్దిగా కదులుతోంది.

చిన్న తలుపు కిర్రుమంది. నరేందర్. చేతిలో ప్లాస్టిక్ కవర్లో కట్టిన పొట్లం టీ.

"దిగినవా? నీకు కూడ తెచ్చిన బే, తాగు."

టీ తీసుకోలేదు. కాలర్ పట్టుకున్నాను. "నన్ను ఇడిసిపెట్టి పోయినవా?"

"ఇడిసిపెట్టుడేంది? అప్పజెప్పే పోయిన కద బే!"

"ఎవలికి?"

"మీ బాపుకు బే."

"బాపు బార్డోలీల ఉన్నడు."

వాడు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. నేను మగ్గం మీది ఫోన్ తీసి బాపుకు కలిపి స్పీకర్‌లో పెట్టాను. అవతల డీజే మోత.

"ఏందిరా?" అన్నాడు బాపు.

"ఏడున్నవ్ బాపూ?"

"ఏడుంట? బార్డోలీల. అన్నం తింటున్న. తాళంచెయ్యి ఏడుందిరా? ఏం జేస్తున్నరు మీరు?"

ఫోన్ పెట్టేశాను. దయ్యం సంగతి తర్వాత, ముందు బాపు ఉన్నాడు.

నరేందర్ చేతిలో టీ పొట్లం కారుతోంది. వాడికి తెలియడం లేదు.

"భుజం మీద రెండుసార్లు తట్టిండు బే," అన్నాడు. "నేను తాడునే చూస్తున్న. నువ్వే కదా కన్ను తియ్యకన్నవ్. పక్కకెళ్ళి చెయ్యి వచ్చి తాడు అందుకుంది. ఇనుము మీద టక్ టక్ అన్నది. ఇగ నాకేం పనని జరిగిన. మీ బాపు మనల్ని పట్టుకున్నడు, తిట్లు పడతయని ఉరికిన."

"ఎనకకు చూడలే?"

"షెడ్డుల ఎవడు చూస్తడు బే ఎనకకు?"

నిజమే. ఎవడూ చూడడు. నేనైనా చూడను.

"చెయ్యి ఎట్లుండె?"

"ఎట్లుంటది? చెయ్యి లెక్కనే ఉండె బే."

"ఒట్టు?"

"మా అమ్మమ్మ మీద ఒట్టు బే."

ఆ ఒట్టు విలువ ఎంతో మీకు ఇందాకే చెప్పాను.

తాళం వేసి ఇంటికొచ్చాం. దారి పొడవునా వాడి దగ్గర పుదీనా టీ వాసన వస్తోంది. పడుకున్నాక ఇంకోటి తట్టింది. వాడు నాతో బే లేకుండా ఒక్క మాటా మాట్లాడడు. పదోతరగతి తప్పి నేను ఏడుస్తుంటే కూడా "ఏడ్వకు బే" అన్నాడు. పైన ఉన్నప్పుడు నేను విన్న మాటలో బే లేదు. అది ఎవరైనా కానీ... నాకు మర్యాద ఇచ్చింది.

పగలు ఆలోచిస్తే అన్నిటికీ లెక్క కుదురుతుంది. టక్ టక్ వాడే కొట్టి ఉంటాడు. తాడును వాడే కాసేపు బాగా పట్టుకుని, నేను వెంటిలేటర్ దగ్గర ఆగగానే జారుకుని ఉంటాడు. గుంజకు చుట్టిన తాడు దానంతటది ఆగుతుంది, బరువు పడితే మెల్లగా జారుతుంది కూడా. కింద నుంచి విన్న గొంతు నా భయం. వలయాలు... వలయాలకు ఇంకా ఏమీ దొరకలేదు. దొరుకుతుంది.

కానీ ఆ లెక్క కుదిరితే, నా దోస్తు నన్ను అంత ఎత్తున వదిలేసి టీకి పోయాడు. పోయి నవ్వాడు. పైగా మా షెడ్డు మర్యాదనే అడ్డం పెట్టుకుని నాకు కథ చెప్పాడు. లెక్క కుదరకపోతే వాడు అప్పజెప్పే పోయాడు. వాడి తప్పేమీ లేదు.

సూరత్ మొత్తంలో దయ్యం ఉండాలని మొక్కుకునేది నేనొక్కణ్ణే అయి ఉంటాను.

వాడు రోజూ మెసేజ్ పెడుతున్నాడు. "ఎప్పుడు పోదాం బే." "బ్యాగు సర్దిన బే." నేను జవాబు ఇవ్వలేదు. తాడు మా అటక మీద ఉంది.

మొన్న మళ్ళీ కరెంటు సెలవు. బాపు నూనె డబ్బా మరిచిపోయానని రాత్రి నన్ను షెడ్డుకు పంపాడు. డబ్బా తీసుకున్నాను. వెళ్ళిపోవచ్చు. గుంజ దగ్గర ఆగాను. చుట్టూ చూశాను, ఎవరైనా చూస్తే పరువు పోతుంది కదా. వేలి కణుపుతో ఇనుము మీద కొట్టాను.

టక్ టక్.

ఏమీ లేదు. మగ్గాలు. నూనె వాసన. నా ఊపిరి.

డబ్బా తీసుకుని తలుపు దాకా వచ్చాను. అప్పుడు వెనక, పైన ఎక్కడో...

టక్... టక్.

రాత్రి చల్లబడితే రేకులు చప్పుడు చేస్తాయి. అందరికీ తెలుసు. తర్వాత అడిగితే బాపు కూడా అదే అన్నాడు.

నేను వెనక్కి చూడలేదు. ఫోన్ తీశాను. నరేందర్ నంబరు దాకా వెళ్ళాను. రేకులైతే వాడు నన్ను వదిలేసినట్టే... అనుకున్నాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను.