కోరుట్లను దాటిపోయిన రజియా మేడం

మొన్న తంగళ్ళపల్లి దాటుతుంటే ఫోన్లోని ఆడగొంతు నన్ను తీసుకెళ్లి ఒక పత్తి చేలో నిలబెట్టింది. ఎదురుగా గట్టు మీద బర్రె. "కుడివైపు తిరగండి" అని గొంతు చల్లగా అంటూనే ఉంది. కుడివైపున బావి. దారి తప్పించినందుకు దానికి సిగ్గూ లేదు, నవ్వూ లేదు. ఆ నవ్వు లేకపోవడం చూసే నాకు రజియా మేడం గుర్తొచ్చింది. దారి తప్పితే ఆమెలా నవ్వే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

సిరిసిల్లలో ఆమె నడిపిన చిన్న బడిలో నేను డ్రాయింగ్ మాస్టర్ని. ఆమె హెడ్మిస్ట్రెస్. సోషల్ పాఠాలు కూడా ఆమే చెప్పేది. సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఓడల గురించి ఆమె చెప్పిన రోజు బడి గోడలకు ఉప్పు పేరుకునేదని ప్రమాణం చేసి చెబుతాను. నా ప్రమాణాల సంగతి తెలిసినవాళ్లు నవ్వుకోవచ్చు. పూర్వం అరబ్బు నావికులు చిన్న చెక్కపలకకు ముడులేసిన దారం కట్టి, దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని, పలకను ధ్రువనక్షత్రం వైపు చాపి ఎంత ఉత్తరానికి వచ్చారో తెలుసుకునేవారట. మరమగ్గాల ఊళ్లో దారానికి కొదువేముంది? పిల్లలందరి నోళ్లలోనూ దారాలే. "పగటి పూట సుక్క ఏడుంటది మేడం?" అని ఒకడు అడిగితే, "వేణు సార్ బట్టతల సూడు, గంతకంటె మెరిసే సుక్క ఏడ దొరుకుతది?" అనేది. క్లాసు క్లాసంతా నా తల వైపు పలకలు చాపేది.

అక్షాంశం సంగతి చుక్క చెబుతుంది గానీ తూర్పుకో పడమరకో ఎంత దూరం వచ్చామో చెప్పదని, ఎందరో నావికులు అక్కడే మునిగారని ఆమె వివరించేది. అందుకే ఓడ వెనక చెక్కముక్క విసిరి, దానికి కట్టిన ముడుల తాడు ఎంత జారిందో చూసి వేగం లెక్కకట్టేవారు. ఓడ వేగాన్ని నేటికీ ముడుల్లోనే చెబుతారట.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఒక చలికాలం, కోరుట్లలో మేడం చెల్లెలి కూతురు సఫియా నిఖా వచ్చింది. ఆ పిల్లను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన ఖాలా, అంటే పెద్దమ్మ, మేడమే. సరిగ్గా ఆ రోజే బంద్. బస్సుల్లేవు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ. పొద్దున్నే సఫియా ఫోను. "ఖాలా, నువ్వు పక్కన కూసుంటెనే ఖుబూల్ అంట. లేకుంటె నోరే తెరువ." అన్నంత పనీ చేసే పిల్ల. మేడం చేరకపోతే, ఒప్పుకున్నానని చెప్పే ఆ ఖుబూల్ మాట రాక పెళ్లి ఆగినట్టే.

మా బావ జీపు తెచ్చాను. దాంట్లో స్పీడు చూపే ముల్లు పుట్టినప్పటి నుంచీ కదిలి ఎరగదు. మేడం పట్టుచీర కట్టుకుని, కొసకు చెక్కముక్క కట్టి ముడులేసిన దారపు కండె పట్టుకుని ఎక్కింది.

"మెయిన్ రోడ్డు వద్దు వేణూ. పొలాల పొంటి పోదాం. పొద్దు నీ కుడి చెవికి కొడుతుంటె మనం ఉత్తరం పోతున్నట్టె."

"మరి దూరం?"

"గందుకే గదా కండె."

చెక్కముక్కను వెనక నుంచి జారవిడిచి, గడియారం చూస్తూ ముడులు లెక్కపెట్టేది. వేములవాడ పక్కనుంచి దాటేదాకా బాగానే సాగింది. తర్వాత ఒక మేక ఆ చెక్కను నోట కరుచుకుని మాతో పాటు పరుగెత్తింది.

"మేడం, మన స్పీడు మేక కడుపుల వడ్డది."

"పడనియ్. మిగిలింది అందాజ."

దారి అడిగితే ఒకాయన తూర్పుకూ, ఆయన తమ్ముడు పడమరకూ చేతులు చాపారు. ఇద్దరిలో ఎవరికీ రవ్వంత అనుమానం లేదు.

కొంతసేపటికి వెడల్పాటి తారు రోడ్డు అడ్డం వచ్చింది. నడిమధ్యన ఒక కుక్క నిద్రపోతోంది.

"జగిత్యాల రోడ్డేమో మేడం?"

"జగిత్యాల రోడ్డు మీద కుక్క పండుకుంటదా వేణూ? లారీ ఏది, బస్సేది? ఏదో ఊరి రోడ్డు. దాటు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ రోడ్డును లారీల మోతతోనే ఎరిగిన మనిషి. బంద్ దాన్ని ఎంత ఖాళీ చేసిందో ఆమెకు తట్టలేదు. దాటేశాం. ఆ జగిత్యాల రోడ్డు మీదే ఉన్న కోరుట్ల మా వెనక్కి పోయింది.

కాసేపటికి దూరంగా పొగగొట్టం. గాలిలో కాగుతున్న చెరుకురసం వాసన. మేడం ముక్కు ఎగబీల్చింది.

"ఓడలల్ల పోయెటోళ్లు నేలను కండ్లతోని సూసుడు కంటె ముందు వాసన వడుతుండిరి. గిది కోరుట్ల వాసన గాదు."

"మరేంది?"

"చక్కెర ఫ్యాక్టరీ. ముత్యంపేటకొచ్చినం."

నిఖా పెట్టుకున్న మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళ దాటిపోయింది. ఆమె ఫోను మోగుతూనే ఉంది. నేను బ్రేకు తొక్కాను. మేడం మాత్రం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గాజులు గలగలలాడేటట్టు నవ్వింది. "కొలంబస్ ఇంకో దేశంల దిగి, మన దేశమే అనుకొని, సచ్చెదాంక ఒప్పుకోలే. మనం ఒప్పుకుందాం. తప్పినం. తిప్పు జీపు."

వెనక్కి వస్తే, మెట్‌పల్లి వైపు నుంచి పెద్ద రోడ్డెక్కేచోట జెండాలు, డప్పులు, గుండిగలు. ఒకామె గరిటెతోనే జీపు ఆపింది.

"ఏడికక్కా?"

"కోరుట్లకు. నిఖా ఉన్నది."

"నిఖానా? గాడ సూడు, ఓ ఖాజీ సాబ్ పొద్దటిసంది కూసున్నడు. ఆయన్ను తెచ్చిన ఆటో పిలగాడు డప్పు కొట్టుకుంట సవారిని మరిచిండు."

విస్తరి ముందు పులిహోర తింటూ పెద్దాయన తలెత్తాడు.

"ఎవరి నిఖా సాబ్?" అంది మేడం.

"సఫియా అని ఓ పిల్లది. నేను లేంది ఎట్లయితదమ్మా? గీళ్లేమో తినంది లేవనిస్తలేరు."

మేము సక్కగా కోరుట్లకే చేరి ఉంటే, పెళ్లికూతురు పక్కన ఖాలా ఉండేది. ఖాజీ మాత్రం ఇక్కడే రెండో విస్తరికి కూర్చునేవాడు. గరిటె ఆమె మా చేతుల్లోనూ తలా ఒక ముద్ద పెట్టి, ఖాజీని జీపెక్కించి, దారి ఇప్పించింది.

పెళ్లింట్లో మగపెళ్లివారి ముఖాలు మాడి ఉన్నాయి. ఖాజీతో సహా మేము దిగేసరికి అందరూ లేచి నిలబడ్డారు. అలాంటి అదను నేను వదులుతానా? "మా మేడం పొద్దును సూసి, గాలిని సూసి, ఖాజీ సాబ్ ఏడ చిక్కిండో సిరిసిల్లలనే లెక్క కట్టింది" అని మొదలుపెట్టాను. పెళ్లికొడుకు మామలు నోళ్లు తెరిచారు. కథను సముద్రంలోకి దింపబోతుంటే మేడం చెయ్యెత్తింది.

"గంత లేదు భాయ్. దారి తప్పినం. ముత్యంపేట దాక పోయి తిరిగొచ్చినం."

పరదా వెనక పెళ్లికూతురు కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఇల్లంతా పాకింది. మేడం లోపలికి వెళ్లి పక్కన కూర్చుంది. ఆ నవ్వు ఇంకా ఆగకుండానే ఖుబూల్ అన్న మాట వినపడింది.

నా కథ కంటే ఆమె చెప్పిన నిజానికే ఎక్కువమంది నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. కుళ్లుకున్నాను కూడా. ఇప్పటికీ మానేరులో తిమింగలాన్ని చూశానని పిల్లలకు చెబుతాను, అందులో మార్పేమీ లేదు. కానీ ఎవరైనా దారి అడిగితే, నాకు తెలియకపోతే, నా చెయ్యి ఏ దిక్కుకూ లేవదు. "తెల్వదు" అంటాను. ఆ మాట ఎంత సంతోషంగా అంటానో ఏమో, అడిగినవాళ్లు నేను తెలిసే దాస్తున్నానని అనుమానంగా చూసి పోతారు.