గట్టిమేళం అంటే ఆపమన్నారనుకున్నారు

మేం కేంబ్రిడ్జ్‌లో ఉన్న రోజుల్లో మా చెల్లి పెళ్లి లండన్ శివారు స్టాన్‌మోర్‌లో హాలు తీసుకుని చేశాం. రావలసిన సన్నాయివాళ్లకు వీసా రాలేదు. మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఫ్రెంచి కుర్రాడు ల్యూక్ క్లారినెట్ వాయిస్తాడు. పాతకాలపు స్వింగ్ పాటలకు కంప్యూటర్ దరువు కలిపి పబ్బుల్లో వాయించే బ్యాండు వాళ్లది. అప్పటికింకా పేరు రాలేదు. క్లారినెట్టూ సన్నాయికి చుట్టమే కదా అని నేనే వాళ్లను తీసుకొచ్చాను.

ముహూర్తానికి పంతులుగారు చెయ్యెత్తి, "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. ఆపమంటున్నారనుకుని బ్యాండంతా టక్కున ఆగిపోయింది. హాలు నిశ్శబ్దమైపోయింది. సరిగ్గా అప్పుడే ల్యూక్ తుమ్మాడు. ఒంటి తుమ్ము. గట్టిమేళం ఏది వినబడకూడదని వాయిస్తారో, సరిగ్గా అదే.

మంగళసూత్రం పట్టుకున్న పెళ్లికొడుకు చేతులు గాల్లో ఆగిపోయాయి. వాళ్లమ్మ నా వంక కొరకొరా చూసింది.

పంతులుగారు మాత్రం తాపీగా, "ఇంకోటి తుమ్మమనమ్మా, దోషం పోతుంది" అన్నారు.

నేను చెప్పగానే ల్యూక్ మైకు దగ్గరికి జరిగి మరీ తుమ్మాడు. ఆపమని కాదు, గట్టిగా వాయించమని నేను చెప్పేసరికి బ్యాండు హోరెత్తించింది. ఆ నవ్వుల్లో, ఆ మోతలో మూడు ముళ్లూ పడ్డాయి.

తర్వాత ఆ బ్యాండుకి మంచి పేరొచ్చింది. లండన్‌లో వాళ్ల షోకి వెళ్లాను. ఆఖరి పాటకి ముందు ల్యూక్ మైకులో రెండుసార్లు తుమ్మి, చెయ్యెత్తి "గాటీమేలం" అన్నాడు. బ్యాండు ఒక్కసారిగా మోత మోగించింది. జనం ఊగిపోయారు.

పక్కనున్న తెల్లావిడ అది ఫ్రెంచి మాటనుకుంది. నేను దిద్దలేదు. నా చేతులు అక్షింతలు వెతుక్కుంటున్నాయి.