పెద్దోళ్ళ పక్కన

ఆబిడ్స్‌లో మా దుకాణం రెండు కుట్టుమిషన్లు పట్టేంత. ఒకదాని మీద నేను, రెండోదాని మీద నాతో కలిసి కుట్టే ఆమె. చీరలకు ఫాల్ కుట్టడం, పీకో చేయడం మా పని. మా తాతలది గుంటూరు, ఆమెది జగిత్యాల పక్క పల్లె. నేను వాగుతూనే ఉంటాను, ఆమె తలెత్తకుండా నవ్వుతూ ఉంటుంది.

ఆమె భర్త గల్ఫ్‌లో వంటమనిషి. అక్కడొక అగ్రరాజ్యపు సైనిక స్థావరం ఉంది, దాని గోడ పక్కనే వీళ్ళ కంపెనీ పనివాళ్ళుండే క్యాంపు. వాళ్ళ ఊరివాళ్ళంతా ఏరికోరి అక్కడికే పోతారు. "పెద్దోళ్ళ పక్కకుంటే ఎవ్వడు ముట్టడక్కా" అనేది ఆమె. నాకూ సబబుగానే తోచింది. ఎస్సై ఇంటి పక్కన అద్దెకు దిగితే దొంగల భయం ఉండదనుకోమూ, అలాగే. ఆ ధైర్యంతోనే తమ్ముణ్ణి కూడా అక్కడికే పంపుతోంది. అతని పాస్‌పోర్టు నాంపల్లిలో ఏజెంటు దగ్గరుంది, ప్రయాణం వచ్చే వారం.

ఆ ఉదయం ఎదురు మొబైల్ షాపు టీవీలో, ఆ స్థావరం మీదే క్షిపణులు పడ్డాయన్నారు. అగ్రరాజ్యం మీద పగబట్టిన దేశం అంత దూరం పోలేక, చేతికందిన చోట కొట్టింది. ఆమె ఫోన్ చేస్తూనే ఉంది, కలవడం లేదు. పక్కన టీ బండి దగ్గర పెద్దమనుషులు మాత్రం క్రికెట్ చూస్తున్నంత హుషారుగా ఎవరి క్షిపణి గొప్పదో తేల్చేస్తున్నారు. "అగ్రరాజ్యంతో రక్షణ ఒప్పందం ఉందిగా, ఆ గల్ఫ్ దేశానికి ఢోకా లేదు" అన్నాడొకాయన, చాయ్‌లో బిస్కట్ ముంచుకుంటూ. నాకు ఒళ్ళు మండింది.

"ఏమండీ, ఈవిడ మొగుడు అక్కడే ఉన్నాడు. కాస్త నోళ్ళు మూస్తారా?" అని అరిచాను. గ్లాసులు అక్కడే పెట్టి జారుకున్నారు. అలా అరిచినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

మధ్యాహ్నం దాటాక ఆమె ఫోన్ మోగింది. నాకూ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"ఏం ఫికర్ చెయ్యకు. గీడ ఏం గాలె. టీవీలోళ్ళు ఊకె పెద్దగ జేసి చెప్తరు. అన్నిట్ని ఆకాశంలనే పేల్చిన్రు" అన్నాడు వాళ్ళాయన. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"తిన్నవా?" అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

"ఔ, తిన్న. పిల్లలు మంచిగున్నరా? అక్కకు నమస్తె చెప్పు."

నా ప్రాణం కుదుటపడింది. చీర మళ్ళీ మిషన్ కింద పెట్టాను. ఫోన్ పెట్టేసే ముందు అతను కొంచెం ఆగాడు.

"గని, తమ్ముణ్ణి పంపకు."

ఆమె ఫోన్ పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని, కుడుతున్న చీర మడిచి నా ఒడిలో పెట్టింది.

"జర గిది నువ్వు కుట్టక్కా. నాంపల్లి పోయి తమ్ముని పాస్‌పోర్టు తెచ్చుకొస్త."

"మరి మీ ఆయన?" అన్నాను.

చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అంది, "ఆయన పాస్‌పోర్టు గాడ కంపెనీ కాడ ఉందక్కా."