ఉల్గి నిలబడిన ఏడు

మా చిన్నప్పుడు... ఒక సూర్యగ్రహణం నాడు, పట్టపగలే, మా చెల్లెల్ని నడుము దాకా మట్టిలో పూడ్చిపెట్టినారు.

పెట్టించింది మా అవ్వే. నాయన తల్లి. చెడ్డ మనిషి కాదు... మనవరాలంటే పాణం. చెల్లి పేరు ఉలిగమ్మ, ఇంట్లో ఉల్గి అనేటోళ్ళం. నాలుగేండ్లొచ్చినా నిలబడేది కాదు, మాట రాలేదు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కత్తిపీట ముందర కూర్చుని వంకాయలు తరిగిందంట... అందుకే బిడ్డ కాళ్ళు పోయినాయని అవ్వ నమ్మకం. గ్రహణం తీసుకున్న కాళ్ళు గ్రహణమే ఇస్తాదని చేనిగట్టున గుంత తవ్వించింది.

ఉల్గి గొంతు పోయేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని దాని చేతులు పట్టుకున్నా. అమ్మ కాసేపు చూసింది... గ్రహణం విడవకముందే వచ్చి, వట్టి చేతులతోనే మట్టి తోడేసింది.

"ఇంకా టైముందే!" అని అవ్వ అరిచింది.

"చాలత్తా. నా బిడ్డను ఇంక మన్నులో పెట్టనీను" అనింది అమ్మ. అమ్మ అవ్వకు ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు.

మాది కౌతాళం దగ్గర పల్లె. ఆదోనిలో ఇట్లాంటి పిల్లలకు కసరత్తు చేయించే మేడం ఒకామె ఉందని ఊరి నర్సమ్మ చెప్తే, ఆ వారమే అమ్మ ఉల్గిని చంకనేసుకొని బస్సెక్కింది. నన్నూ తీసుకపోయింది.

చిన్న గది. నేలమీద చాపలు, ఒక పెద్ద రబ్బరు బంతి, పట్టుకొని నిలబడేకి కొయ్య కడ్డీలు. మేడం ఉల్గి కాళ్ళు వంచి, చాపి చూసింది. కాన్పు ఎట్లా అయిందని అడిగింది. రేయింబగళ్ళు నొప్పులు పడినానని, బిడ్డ పుట్టినాక చానాసేపు ఏడవలేదని అమ్మ చెప్పింది.

"ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలిందమ్మా. అందుకే ఇట్లా. నువ్వు చేసిన తప్పేం లేదు."

అమ్మ ఉల్గిని ఒళ్ళోకి లాక్కుంది.

"వంకాయలు కోసినందుకు కాదా మేడం?"

కాదని మేడం చెప్పగానే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అన్నేండ్లూ ఆ మాటను లోపలే మోసింది మా అమ్మ...

అప్పట్నుంచి వారం వారం ఆదోని. మేడం చేయించింది చూసి అమ్మ నేర్చుకొని ఇంట్లో దినామూ చేయించేది. నూనె రాసి కాళ్ళు సాగదీసేది... గోడ మూలన దిండ్లు పెట్టి కూర్చోబెట్టేది. నాయన వాకిట్లో గుంజలు నాటి, రెండు పక్కలా వెదుర్లు కట్టినాడు. ఉల్గి వాటిని పట్టుకొని వణుక్కుంటా నిలబడేది. అవ్వ మొదట మూతి తిప్పుకునేది... పోనుపోనూ తనే ఆముదం వెచ్చబెట్టి తెచ్చిచ్చేది.

ఒకరోజు ఆదోని బస్టాండులో బొరుగుల ఉగ్గాని తింటాంటే ఉల్గి అమ్మ చేతిలోంచి చెంచా లాక్కుంది. సగం ఒళ్ళో పోసుకుంది, సగం నోట్లో పెట్టుకుంది. అమ్మ నవ్విన నవ్వుకు పక్కన బల్ల మీదోళ్ళు తిరిగి చూసినారు.

ఉగాది దాటినాక వెదుర్లు వదిలి నిలబడింది... రెప్పపాటు సేపే. మా దిక్కు చూసి "అక్" అనింది. నన్నే పిలిచిందని నేను, ఊరికే అరిచిందని నాయన... ఇప్పటికీ తేలలేదు.

ఆ ఏడు వానల్లేవు. పత్తి మోకాలెత్తన్నా రాకుండానే ఎండిపోయింది. మా ప్రాంతంలో ఊర్లోళ్ళు గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి వలస పోతారు... దాన్ని సుగ్గి అంటాం. మేమూ మూటలు కట్టుకున్నాం.

అమ్మ ఆ సంగతి మేడంకు చెప్పేకి పోయింది.

"ఇప్పుడు ఆపితే కాళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయమ్మా. పాపనన్నా ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంచలేవా?"

"యాడ ఉంచేది మేడం... మా అత్తకు కండ్లు ఆనవు. ఈడుంటే తినేకేముంది?"

మేడం అమ్మను చాపమీద కూర్చోబెట్టుకుంది. చేయాల్సినవన్నీ ఇంకోసారి చేసి చూపించింది.

అమ్మ చేయించాలనే అనుకుంది. కానీ పొద్దు పొడవక ముందే చేనికి పోవాలి, పొద్దుగూకినాక రావాలి. చేతులనిండా మిరప మంట... ఆ చేతులతో ముట్టుకుంటే ఉల్గి కేకలు పెట్టేది. అందుకని అమ్మ బిడ్డను ముట్టుకోవడమే తగ్గించింది. నేను బడి మానేసి టార్పాలిన్ పట్టల గుడిసెలో దాని దగ్గర ఉండేదాన్ని. నాకు తెలిసినట్ల కాళ్ళు సాగదీసేదాన్ని... చిన్న చేతులు, బలం చాలేది కాదు. కోతలయ్యేసరికి దాని మోకాళ్ళు మడిచినవి మడిచినట్లే ఉండిపోయినాయి. మిరప ఘాటుకు దానికి దగ్గు పట్టుకుంది.

ఊరికొచ్చినాక జరం. ఆసుపత్రికి తీసుకపోతే రొమ్ములో నిమ్ము చేరిందన్నారు. నాయన ఒళ్ళోనే పోయింది ఉల్గి.

దినాలైనాక అమ్మ ఆదోని పోతానంటే నేనూ వెంట పోయినా. మేడం మమ్మల్ని చూసి "పాప ఏదీ?" అనింది. అమ్మ చెప్పింది. మేడం ఆ చాపమీదే కూలబడి ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

"ఏడ్సొద్దు మేడం... నా బిడ్డ నిలబడింది. నేను కండ్లారా చూసినా."

ఇప్పుడు చానా మారింది... ఆసుపత్రోళ్ళు ఊర్లకే వచ్చి పసిపిల్లల్ని చూసి పోతాండారు. ఫలానా చోటికి తీసుకపోండని చెప్పేటోళ్ళు ఉన్నారు. సుగ్గి మాత్రం మారలేదు. పోయిన చలికాలం ఎమ్మిగనూరు రోడ్డులో ఒక లారీ ఆగింటే చూసినా... మూటల నడుమ ఒక తల్లి, ఆమె ఒళ్ళో మెడ నిలపని బిడ్డ. "యాడ చూపిస్తాండావమ్మా?" అని అడిగేలోపల బండి కదిలిపోయింది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇట్లాంటి బిడ్డ ఉండిందా... ఉందా? ఆ బిడ్డ పేరేంది, ఏం చూస్తే నవ్వేది... కింద రాయండి. అన్నీ చదువుతాను.