తప్పు పేరు ఎంచుకోండి

గోదావరిఖని కోర్టులో ఇరవై ఆరేళ్లుగా వకీలుగా ఉన్నాను. పెద్ద కేసులు వాదించి పేరు తెచ్చుకున్నదాన్ని కాను. నా బతుకంతా అఫిడవిట్లతోనే గడిచింది. అందులోనూ ఎక్కువ భాగం ఒకే రకం అఫిడవిట్. "పై రెండు పేర్లు గల వ్యక్తి ఒక్కరే" అని టైపు చేయించి, నోటరీ ముద్ర కొట్టి, సంతకం పెట్టడం. బొగ్గు బాయిల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు దిగిన రోజులు ఉండేవి. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బామ్మర్ది. ఊళ్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు. బ్యాంకులోనో బడిలోనో ఆ రెండు పేర్లూ ఎదురుపడినప్పుడల్లా నా దగ్గరికి వచ్చేవాళ్లు. అసలు సంగతి వాళ్లకు తెలుసు, నాకు తెలుసు, కాగితం తీసుకునే గుమస్తాకూ తెలుసు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. రోజులు అలాగే వెళ్లిపోయాయి.

మొన్న ఎండాకాలం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఇంజనీరింగ్ చదివింది. హైదరాబాద్‌లో ఏదో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. తీరా చేరే ముందు ఆపేశారట. ఫోను తీసి నా ముందు పెట్టింది. నా కళ్లద్దాలు ఎప్పటిలాగే ఫైళ్ల కింద ఎక్కడో ఉన్నాయి.

"నువ్వే చెప్పు తల్లీ, ఏంది కథ?" అన్నాను.

ఆ కంపెనీ వాళ్లు కొత్తగా చేరేవాళ్ల కాగితాలు సరిచూసే పనిని ఇంకో కంపెనీకి అప్పగించారు. అక్కడ కాగితాలు చూసేది మనిషి కాదు, ఏఐ. అదే చదువుతుంది, అదే ఫోటోలు పోల్చుకుంటుంది, అదే తేలుస్తుంది. తండ్రి పేరుకు రుజువు అడిగితే ఈ అమ్మాయి ఆయన బాయి దవాఖాన కార్డు ఎక్కించింది. శాశ్వత చిరునామా అడిగితే పెద్దపల్లి అవతల ఉన్న ఊరు రాసి, ఆయన ఓటరు కార్డు ఎక్కించింది. రెండు కార్డుల మీదా ఆయన ఫోటోనే. పేర్లు మాత్రం వేరు. ఒకే ముఖం, రెండు పేర్లు, గుర్తింపు మోసం అనుమానం అని జవాబు వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం లేనట్టే.

"ఊళ్లె పేరు ముద్దు పేరు మేడం. మా నాయినమ్మ గట్లనే పిలిచేది. కార్డు మీద సుత అదే అచ్చేసినట్టున్నరు" అంది. ఫోను వైపు చూపించి, "మా బాపును దొంగ అంటున్నదా మేడం అది?" అని అడిగింది.

నాకు సంగతి అర్థమైపోయింది. ఆ పిల్లకు తెలియదని కూడా అర్థమైంది. చెప్పడం నా పని కాదనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత ఓపిక కూడా లేదు. పాత అఫిడవిట్ తీసి, పేర్లు మార్చి, ప్రింటు ఇచ్చాను. తండ్రికి మోకాళ్ల నొప్పులంటే ఇంటి దగ్గరే సంతకం పెట్టించుకు రమ్మన్నాను. మనిషిని చూడకుండా ముద్ర కొట్టకూడదు. కొట్టాను. ఇలాంటివి ఎన్ని కొట్టలేదు!

రెండో రోజే ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ముఖం పీక్కుపోయింది. అఫిడవిట్ ఎక్కించాక వచ్చిన జవాబును ఈసారి కళ్లద్దాలు వెతుక్కుని నేనే చదివాను. 'అనుమానం' అన్న చోట 'నిర్ధారణ' అని ఉంది. రెండు పేర్లూ తనవేనని అభ్యర్థి తండ్రి స్వయంగా ఒప్పుకున్నారట. ఆధారంగా చూపించింది నా అఫిడవిట్టునే, నా ముద్రతో సహా.

ఇరవై ఆరేళ్లుగా జనాన్ని గట్టెక్కించిన కాగితం ఈ పిల్ల మెడకు చుట్టుకుంది. బ్యాంకు గుమస్తా అయితే ఆ కాగితం చూసి, ఈ బొగ్గు బెల్టులో పుట్టినవాడు కాబట్టి మాట్లాడకుండా ఫైల్లో పెట్టుకునేవాడు. ఇది ఈ బెల్టులో పుట్టలేదు. రాసింది రాసినట్టు చదువుకుంది.

ఆ మధ్యాహ్నం కొత్త వ్యక్తిగత సమాచార చట్టం ముందేసుకుని కూర్చున్నాను. ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి, చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నాను. మన సమాచారం ఎవరి దగ్గర ఉందో అడగవచ్చు. తప్పుంటే దిద్దమనవచ్చు, తీసేయమనవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. కొన్ని సెక్షన్లు ఇంకా అమల్లోకే రాలేదు. యంత్రం ఒక మాట తేల్చాక దాన్ని ఒక మనిషి మళ్లీ చూడాలన్న ముక్క ఎక్కడైనా ఉందా అని రెండుసార్లు వెతికాను. నాకు కనిపించలేదు. అయినా దేన్ని దిద్దమని అడగను? అది తప్పేమీ చెప్పలేదు. ఇన్నేళ్లలో ఈ సంగతిని ఉన్నదున్నట్టు అన్నది అదొక్కటే, ఖర్మ.

చివరికి ఒక పట్టు దొరికిందనుకున్నాను. "ఫోటోలు ఎక్కించేటప్పుడు మీ బాపును అడిగినవా?" అన్నాను.

"బాపు కార్డే గద మేడం, అడుగుడేంది?" అంది.

తండ్రి అనుమతి లేకుండా ఆయన ముఖాన్ని యంత్రం చేత పోల్పించారని రెండు పేజీల ఫిర్యాదు రాశాను. మనిషి చేత మళ్లీ పరిశీలింపజేయమని గట్టిగా అడిగాను. మర్నాడు ఆ కాగితాలు సరిచూసే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. గొంతును బట్టి చిన్నపిల్లే. నాలాగే అలిసిపోయి ఉంది.

"మేడం, మా సిస్టంలో తండ్రి పేరుకు ఒకటే గడి ఉంటుంది. రెండు పేర్లు పట్టవు. సవరణ ఫారం పంపిస్తాను, నింపండి" అంది.

"ఆ కార్డులు మీలో ఎవరైనా ఒక్కసారి చూశారా అమ్మా?"

"మనుషులెవరూ చూడరు మేడం. చూస్తే మాకూ అర్థమవుతుంది."

"అయితే నువ్వు చూడు."

"నాకు ఆ స్క్రీన్ తెరుచుకోదు మేడం" అంది. ఆ మాట ఎంత మెల్లగా అందంటే, నాకు ఆ పిల్ల మీద కోపం కూడా రాలేదు.

ఫారం తెలుగులోనే వచ్చింది. పైన 'తప్పు పేరు ఎంచుకోండి' అని ఉంది. కింద రెండు పేర్లు, పక్కన రెండు గడులు. ఎంచుకున్న పేరూ దానికి సంబంధించిన పత్రమూ తమ రికార్డుల నుంచి శాశ్వతంగా తొలగించబడతాయని అడుగున చిన్న అక్షరాలు. ఇక రెండు రోజులే గడువు. మోకాళ్ల నొప్పులున్నా సరే, ఈసారి తండ్రిని తీసుకురమ్మన్నాను.

షేర్ ఆటోలో వచ్చారు. ఆయన మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, కుర్చీలో కూర్చుని, చాలాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. నేను ఫారం చదివి వినిపించి, "అన్నా, ఇందుల ఏది తప్పు?" అని అడిగాను.

ఆయన కూతురి వంక చూడలేదు. నా టేబుల్ వంక చూస్తూ చెప్పాడు.

"మా మేనబావకు బాయిల నౌకరి అచ్చింది వకీలమ్మా. ఒక్కనాడు దిగిండు. ఆ చీకటికి జడుసుకున్నడు. సంపినా మల్ల పోనన్నడు. వాళ్ల నాయిన అచ్చి మా అవ్వ కాళ్ల మీద పడ్డడు, నౌకరి పోతదని. ఆయన పేరు మీద నేను దిగిన. ముప్పై ఎనిమిదేండ్లు అదే పేరుకు పలికిన. మా మేనబావ సచ్చిపోయిన నాడు, అందరు ఆ పేరు వెట్టి ఏడుస్తుంటె, నేను పక్కకు పోయి నిలవడ్డ."

"మరి నాయినమ్మ పిలిచేది ముద్దు పేరు కాదా బాపూ?" అంది అమ్మాయి.

"కాదు బిడ్డా. అదే నా పేరు."

ఆ పిల్ల లేచి నిలబడింది. "బంద్ చెయ్యుండ్రి మేడం. నాకు ఈ జాబ్ వద్దు. మా బాపు పేరు తప్పని నేను పెట్ట."

"నువ్వు ఊకో" అన్నాడాయన. కోపంగా కాదు. "నీ సర్టిఫికెట్ల మీద బాయి పేరే ఉన్నది. నా పింఛను, దవాఖాన కార్డు, అన్నీ దాని మీదనే. నా పేరు ఇగ ఎవలకు పనికత్తది? దాంతోని పిలిచెటిది మా అవ్వ ఒక్కతే. ఆమె పోయి మూడేండ్లాయె. దాన్నే తప్పని పెట్టుండ్రి వకీలమ్మా."

అది ఆ కంపెనీ రికార్డుల్లో మాత్రమే పోతుందని, ఊళ్లో కార్డు ఊళ్లోనే ఉంటుందని చెప్పాను. నాకే ధైర్యం చెప్పుకుంటున్నట్టు రెండుసార్లు చెప్పాను. "మరింకేం ఫికరు" అన్నాడు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. వేలు ముందుకు చాపాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. కూతురిని చూస్తే ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. చివరికి నేనే నొక్కాను. ఇన్నేళ్లూ అబద్ధాన్ని నిజమని రాశాను, ఎన్నడూ వెనకాడలేదు. ఆ రోజు నిజాన్ని అబద్ధమని పెట్టాల్సి వచ్చేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో రోజు సాయంత్రం తండ్రీకూతుళ్లు మిఠాయి డబ్బాతో వచ్చారు. వచ్చే సోమవారమే చేరమన్నారట. అమ్మాయి సంతోషంగానే ఉంది కానీ తండ్రి చెయ్యి వదలడం లేదు. కంపెనీ నుంచి నాకూ ఒక మెయిల్ వచ్చి ఉంది. అందులో ఏముందో చదివి వినిపించమన్నాడాయన. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పుకుంటూ పోయాను. "మీ సవరణ పూర్తయింది. సదరు పేరు మా రికార్డుల నుంచి తొలగించాము. తండ్రి వివరాలు సరిపోయాయి."

"నడుమ ఏదో ఇడిసిపెట్టిండ్రు వకీలమ్మా" అన్నాడు.

"ఏం లేదన్నా. నీ పేరే."

"అది సుత సదువుండ్రి."

కళ్లద్దాలు సరిచేసుకుని, ఇంటిపేరుతో సహా, ఆయన పేరు పైకి చదివాను.

"ఆఁ" అని పలికాడు.