రెండో పార

నలభై ఏళ్ళుగా రోజూ డైరీ రాస్తున్నాను. నిరుడు ఒక్క పేజీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఆ రోజు ఇబ్రహీంపట్నం బస్టాండులో నా పక్కన ఒకామె కూర్చుంది. గోనెపట్టా చుట్టిన పారలు రెండు ఒళ్ళో పెట్టుకుంది. రెండెందుకమ్మా అని అడిగాను.

"ఒకటి నాది. ఇంకోటి, ఎవలన్న తోడొస్తరేమోనని."

వాళ్ళ పొలాలకు నీళ్ళు తెచ్చే కాలువను ప్లాట్ల కోసం పూడ్చేస్తే, ఊరంతా కోర్టుకు పోయి నీటి హక్కు గెలుచుకుందట. అంతకుముందు ఏటా వానలకు ముందు ఇంటికొకరు పార పట్టుకొచ్చి పూడిక తీసేవారు. తీర్పు రాగానే లడ్డూలు పంచుకున్నారు. ఆ తర్వాత ఎవరూ కాలువలోకి దిగలేదు.

"గెలిచినం గద, సర్కారే తవ్విస్తది అంటున్నరు సారూ. సర్కారోళ్ళేమో హక్కిచ్చినం గద అంటున్నరు. ఈసారి గుడ నాటు పడకపోతే నా ఎకరం అమ్ముడే."

నాకు ఒళ్ళు మండింది. జేబులోంచి పెన్ను తీసి, మళ్ళీ దరఖాస్తు ఎవరికి పెట్టాలో, ఏ కాగితాలు జతచేయాలో వరసగా రాసిచ్చాను. ఆమె మడిచి కొంగున ముడేసుకుంది.

బస్సు వచ్చింది. ఒక పార నేను అందుకుని పైకి అందించాను.

"ఈ పెద్దమనిషి గుడ తవ్వనీకి వస్తున్నడా అక్కా?" అని నవ్వాడు కండక్టరు.

"లేదు తమ్మీ," అంది ఆమె. "ఆయన రాసేటాయన."